ఎర్రచందనానికి మెరుగు పెట్టిన చేతులు

మా ఇంట్లో ఒక జత కొయ్యబొమ్మలు ఉన్నాయి. రాజు, రాణి. జానెడు పొడుగు కూడా లేవు. మా వైపు వాటిని తిరుపతి బొమ్మలంటారు. అరవం తెలిసినవాళ్ళు మరపాచి బొమ్మలంటారు. ఎర్రచందనంతో చేసినవి. కలిగినవాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతురికి సారెతో పాటు ఇస్తారు, దసరాకు బొమ్మల కొలువులో పెడతారు. మా యానాది కాలనీలో కొలువు పెట్టే ఇల్లు ఒక్కటీ లేదు. మరి మాకెలా వచ్చాయంటే, మా తాత తేనె మైనం ఇచ్చి తెచ్చుకున్నాడు. తిరుపతిలో బొమ్మలు చెక్కే ఒకాయనకు తాత ఏటా మైనం ముద్దలు పట్టుకుపోయి ఇచ్చేవాడట. ఒక ఏడు ఆయన దగ్గర డబ్బు లేక బొమ్మల జత ఇచ్చి పంపాడు. ఈ సంగతి మా అవ్వ చెప్పింది. బొమ్మలు చెక్కే ఆయనకు మైనంతో ఏం పని అని నేను అప్పుడు అడగలేదు. అడగాలని తోచేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా మాకు పని అనుభవం పీరియడ్ ఉండేది. పాత బెంచీలకు ఉప్పు కాగితం రుద్ది వార్నిషు పూయడం నేర్పారు. సెలవులకు ఇంటికొస్తూ చిన్న డబ్బా వార్నిషు కొనుక్కొచ్చాను. మసకబారిన రాణి బొమ్మకు నా చదువు చూపించాలనుకున్నాను. పూశాను. మర్నాడు వేలు పెడితే అంటుకుంది. వారం తర్వాతా అంతే. నెలకు రాణి మొహం మీద ఒక చీమ, ఒక కోడి ఈక ముక్క, ఊళ్ళోని దుమ్మంతా చేరాయి. అవ్వ చూసి, "దాని నూనె దానికుండాది గదరా. పైన ఇంకోటి పోస్తే తాగుతుందా?" అంది. నేను నవ్వేశాను. చదువుకున్నోడిని కదా.

తర్వాత ఒక వడ్రంగి చెప్తే స్పిరిట్‌లో గుడ్డ ముంచి ఆ జిగురంతా తుడిచాను. వార్నిషు వచ్చింది. దానితో పాటు ఎరుపు కూడా వచ్చింది. తెల్ల పంచె ముక్క చూస్తుండగానే ముదురు ఎరుపైంది. బొమ్మకు గాయం చేశానేమోనని భయపడ్డాను. ఆ గుడ్డ మీది ఎరుపు గురించీ, ఆరని వార్నిషు గురించీ నేను తెలుసుకున్నది మన పిల్లలకూ, సాటి టీచర్లకూ చెబుదామని ఈ వ్యాసం.

ముందు వార్నిషు సంగతి. నీళ్ళు ఆరినట్టు నూనె ఆరదు. అవిసె నూనె కానీ, నూనెతో చేసిన వార్నిషు కానీ గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. దీన్ని మనం ఆరడం అంటున్నాం గానీ నిజానికి అది ఒక రసాయన మార్పు. వేడి దేశాల అడవుల్లో పెరిగే గట్టి చెట్లు తమ చేవలో కొన్ని పదార్థాలు నింపుకుంటాయి. చెద పట్టకుండా, బూజు పట్టకుండా కాపాడేవి అవే. టేకులో, ఇరుగుడులో, ఎర్రచందనంలో ఉన్నవి ఒకటే కావు, ఒక్కొక్క చెట్టుది ఒక్కొక్క రకం. చిత్రిక పట్టిన టేకు చెక్క మీద అరచేయి పెడితే కొంచెం జిడ్డుగా తగులుతుంది చూడండి, అదే. ఇలాంటి పదార్థాల్లో కొన్ని నూనె ప్రాణవాయువును పీల్చుకోకుండా అడ్డుపడతాయి. చెట్టును వందేళ్ళు కాపాడిన గుణమే మన వార్నిషును ఆరనివ్వదు. ఇరుగుడు ఈ విషయంలో మరీ మొండిది. నా బొమ్మ మీద దానికి తోడు పాత మైనం పొర కూడా ఉంది. మైనం మీద వార్నిషు నిలవదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు.

పనివాళ్ళు దీనికి ఉపాయం కనిపెట్టారు. రుద్దిన చెక్కను స్పిరిట్‌తోనో తిన్నర్‌తోనో తుడిచి, లోపలి జిడ్డు మళ్ళీ పైకి రాకముందే, అంటే ఆ పూటే, మొదటి పూత వేస్తారు. ఆ మొదటి పూత లక్కది అయితే మేలు. లక్కను స్పిరిట్‌లో కరిగించి పలచగా పూస్తే స్పిరిట్ ఎగిరిపోతుంది, లక్క మిగులుతుంది. దానికి ప్రాణవాయువుతో పనిలేదు, కాబట్టి చేవలోని పదార్థం దాన్ని ఆపలేదు. లక్క పొర లోపలి జిడ్డుకూ పై పూతకూ మధ్య గోడలా నిలుస్తుంది. తర్వాత ఏది పూసినా ఆరుతుంది. టేకుకు, ఇరుగుడుకు ఈ పద్ధతి చాలు.

ఎర్రచందనానికి ఇది కూడా పూర్తిగా చాలదు. ఎందుకంటే దాని ఎరుపు చల్లటి నీళ్ళలో కరగదు గానీ స్పిరిట్‌లో కరుగుతుంది. ఆ రంగు పదార్థానికి శాంటలిన్ అని పేరు. లక్క పాలిష్‌లో ఉన్నదే స్పిరిట్. గుడ్డతో ఎక్కువసేపు రుద్దితే చెక్క తన రంగును పాలిష్‌లోకి వదులుతుంది. ఎర్రటి చేవ పక్కనే తెల్లచెక్క ఉంటే దాని మీదికీ ఎరుపు పాకుతుంది. అందుకే తెలిసిన పనివాడు ఒక్క చేతి వాటంలో పలచగా పూసి వదిలేస్తాడు. అదే చోట మళ్ళీ రుద్దడు. అసలు లక్కే వాడకుండా మైనంతో సరిపెట్టేవాళ్ళున్నారు. మా తాత మైనం ముద్దలు ఎక్కడికి పోయాయో నాకు ఇక్కడ అర్థమైంది.

ఇక్కడ ఒక చిన్న మాట. ఎర్రచందనానికి దగ్గరి చుట్టం వేగిస చెట్టు. దాని చెక్కతో గ్లాసులు చేసి చక్కెర జబ్బు వాళ్ళకు అమ్ముతుంటారు. రాత్రి నీళ్ళు పోసి పెడితే తెల్లారేసరికి రంగు మారి ఉంటాయి. వేగిస తన రంగును నీళ్ళకు ఇస్తుంది, ఎర్రచందనం ఇవ్వదు. ఒకే వంశంలో పుట్టినా ఒకరి గుణం ఒకరికి రాదు. ఆ గ్లాసు జబ్బు తగ్గిస్తుందని నేను చెప్పడం లేదు. సైన్సు టీచర్లు మాత్రం పిల్లలకు ఈ రెండు చెక్కల పొట్టునూ నీళ్ళలో, స్పిరిట్‌లో వేసి చూపించవచ్చు. వేగిస పొట్టు వడ్రంగి దగ్గర దొరుకుతుంది. చందనం పొట్టు మాత్రం బిల్లు ఉన్న చోటే తీసుకోండి. ఎందుకు ఇంతగా చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

స్పిరిట్‌లో కరిగే ఈ ఎరుపుకు పెద్ద చరిత్రే ఉంది. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచంలో మన శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల, నల్లమలలోని కొన్ని భాగాలు, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. రాతి నేల, వాన తక్కువ. చెట్టు నిదానంగా చేవ పడుతుంది. చేవ ముక్క నీళ్ళలో వేస్తే చాలాసార్లు మునిగిపోతుంది, అంత బరువు. ఐరోపా వ్యాపారులు దీన్ని కోరమండల్ తీరం నుంచి ఓడల్లో తీసుకుపోయేవారు. అక్కడి ఒక రేవు పేరు మీద కలియాతూర్ చెక్క అని కూడా పిలిచారు. మద్రాసు నుంచి పోయే కంపెనీ ఓడల్లో సరుకు కదలకుండా అడుగున పేర్చడానికి కూడా దీన్ని వాడారు. శాస్త్రం లోకంలో దీనికి పేరు పెట్టింది లిన్నేయస్ కొడుకు. తండ్రి చనిపోయాక, 1781 నాటి తన పుస్తకంలో దీన్ని టెరోకార్పస్ శాంటలినస్ అన్నాడు. మన కొండల్లో ఎవరు దీన్ని ఏమని పిలిచేవారో ఆ పుస్తకాలకు పట్టలేదు.

ఐరోపాలో దీన్ని బల్లలు, కుర్చీలు చేసుకోవడానికి కొన్నారనుకుంటే పొరపాటు. ఎక్కువగా పొట్టు కొట్టి రంగుకు వాడారు. ఉన్ని బట్టలకు, మందులకు రంగు వచ్చేందుకు ఇది పోయేది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఫ్రెంచ్ పాలిష్ పని బాగా పెరిగింది. లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసేదే ఆ పాలిష్. మహాగని బల్లకు ఎర్రటి మెరుపు రావాలంటే ఆ పాలిష్‌లో మన చందనం పొట్టు నానబెట్టేవారు. అంటే నేను రాణి బొమ్మను తుడుస్తూ పంచె ముక్క మీద చూసిన ఎరుపునే వాళ్ళు కావాలని తీసి దొరల ఇళ్ళలో బల్లలకు పట్టించారు. నా చేతిలో పొరపాటైనది వాళ్ళకు వ్యాపారం.

మరి ఆ పాలిష్‌లోని లక్క ఎవరిది? లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద పెట్టే గూడు అది. దాన్ని పెంచి, కొమ్మలు కోసి, గీకి సంతకు తెచ్చేది ఎక్కువగా ఆదివాసులే. ఛోటానాగపూర్‌లో ముండాలు, ఉరావులు, సంతాలులు. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో లక్క పరిశోధనకు ఒక సంస్థనే పెట్టారు, అంత ధర ఉండేది దానికి. లండన్‌లో మెరిసే ఒక బల్లను తీసుకోండి. మెరుపు ముండా పల్లె నుంచి, ఎరుపు శేషాచలం నుంచి. ఆ బల్ల చరిత్ర రాసినవాళ్ళు బల్ల చేసిన కంపెనీ పేరు రాస్తారు.

1856లో పెర్కిన్ అనే కుర్రవాడు తారు నుంచి కృత్రిమ రంగు తీశాక రంగు చెక్కలకు గిరాకీ క్రమంగా పడిపోయింది. ఆ రంగు వ్యాపారం గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

మన దగ్గరి పని సంగతికి వస్తాను. మా పెద్దవాళ్ళను, తిరుపతిలో కొయ్యపని చేసే ఇద్దరు ముగ్గురు పెద్ద పనివాళ్ళను కూర్చోబెట్టి అడిగాను. ఉప్పు కాగితం రాకముందు చెక్కను దేనితో నున్న చేసేవారు? బర్రెంక ఆకుతో. ఆ ఆకు పట్టుకుని చూడండి, పిల్లి నాలుక మాదిరి గరుగ్గా ఉంటుంది. ఎండిన ఆకుతో చెక్కను, దంతాన్ని కూడా రుద్దేవారు. ఎటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పట్టించాక మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ప్రాంతం మారితే ఆకు మారింది, పని ఒకటే. తర్వాత మైనం. మైనాన్ని సన్న సెగ మీద కరిగించి, కొంచెం నూనె కలిపి, గోరువెచ్చగా పట్టించి, పొడి గుడ్డతో చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి. చేవలో నూనె ఉన్న చెక్క కాబట్టి మైనం తక్కువే పడుతుంది. ఎక్కువ పెడితే మళ్ళీ దుమ్ము పడుతుంది, నా వార్నిషు లాగా. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు కొందరు మైనం కూడా పెట్టరు. ఉత్త చేతి రాపిడే. తరతరాలు పిల్లల చేతుల్లో నలిగి వచ్చిన నునుపు అది. ఆ బొమ్మను సానరాయి మీద అరగదీసి పిల్లలకు మందుగా వాడిన ఇళ్ళు కూడా ఉన్నాయి. పైన వార్నిషు ఉంటే ఆ పని కుదరదు కదా.

ఆకు తెచ్చేది ఎవరు? తేనె తీసి మైనం పిండేది ఎవరు? శేషాచలంలో జాలారి చెట్టు గుగ్గిలం గీసేది ఎవరు? కూపులో చందనం కొట్టి దుంగను భుజాన మోసింది ఎవరు? యానాదులు, ఎరుకలవారు, సుగాలీలు, అడవి అంచున ఉన్న ఇంకా కొందరు పేదలు. చెక్కడం వేరే కులాల పని, అది నిజం, దాన్ని మనదని చెప్పుకోవద్దు. ఆ శిల్పుల పని గొప్పది. కానీ మెరుగు సామగ్రి అంతా అడవిది, దాని మంచి చెడ్డ ఎరిగినవాళ్ళు అడవిలోనే ఉన్నారు. ఏ పుట్ట తేనె మైనం పసుపుగా వస్తుంది, ఏది నల్లగా వస్తుంది, ఏది ఎరుపు చెక్కకు పనికొస్తుంది అన్నది మా తాతకు తెలుసు. ఆయనకు తెలుసని ఆ బొమ్మలు చెక్కే ఆయనకు తెలుసు. కాబట్టే ప్రతి ఏడూ ఆయన కోసం చూసేవాడు. పుస్తకాల్లో మా తాత ఉంటే గింటే కూపు కూలీగా ఉంటాడు.

ఈ తెలివికీ మనకూ మధ్య చట్టం వచ్చి నిలబడింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు ఫారెస్టులయ్యాయి. అంతవరకు ఇల్లు లాంటి చోటికి పర్మిషన్ కావలసి వచ్చింది. మరోపక్క ఎరుకలవారిని, కొన్ని చోట్ల యానాదులను కూడా నేరస్థ తెగల చట్టం కింద పెట్టారు. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా చూపు పోలేదని మనందరికీ తెలుసు.

ఎర్రచందనం ధర మళ్ళీ పెరిగింది రంగుకు కాదు, మెరుపుకు. చైనాలో మింగ్, చింగ్ రాజుల కాలం నుంచి ఈ చెక్కకు చాలా విలువ. వాళ్ళు త్సితాన్ అంటారు. బీజింగు రాజభవనంలో సింహాసనాలు, బీరువాలు దీనితో చేశారు. వాటికి మెరుగు ఎలా పెట్టారో చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మైనం. మైనం కరిగించి పట్టించి, వేడి తగిలించి, లోపలికి దిగాక గుడ్డతో రుద్దడం. జపానులో షమిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ కర్ర మేలైనది కావాలంటే ఎర్రచందనమే. రుద్దేకొద్దీ నిగ్గు తేలే చెక్క కావాలి వాళ్ళకు. చేవలో అలలు అలలుగా నార తిరిగిన దుంగకు ధర మరీ ఎక్కువ. రుద్ది మెరుగు పెడితే ఆ అలలు కదులుతున్నట్టు కనబడతాయి. పైన పూత వేసి కప్పేస్తే ఆ అందం కనబడదు.

ఆ మెరుపు కోసం ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలుసు. 1995లో ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కింది. దొంగ రవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో పలువురు జవ్వాది కొండల వైపు మలయాళీ తెగవాళ్ళు. మలయాళీ అంటే కేరళ వాళ్ళు కాదు, తమిళనాడు కొండల్లోని షెడ్యూల్డ్ తెగ. మన లాంటి వాళ్ళే. గొడ్డలి పట్టుకోవడం వాళ్ళకు చేతనవును గనుక కూలికి పిలిచారు. దుంగ ఎక్కడికి పోతుందో, దాని మీద ఎవరు మైనం రుద్దుతారో, ఎంతకు అమ్ముతారో వాళ్ళు చూడలేదు.

నాకూ ఒకసారి జరిగింది, ప్రాణం మీదికి రాలేదు గానీ. మా బడి పిల్లలకు చూపించాలని బొమ్మల జత సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. దారిలో ఒక చోట తనిఖీ. సంచి తెరిచారు. "ఇది యాడిది?" అన్నారు. ఇంట్లోది, తాతకాలం నాటిదన్నాను. ఏ ఊరన్నారు. కాలనీ పేరు చెప్పాను. అంతవరకు సార్ అన్న గొంతు మారింది. దించి పక్కన నిలబెట్టారు. నా పక్క సీట్లో మా బడి టీచరమ్మే ఉంది. ఆమె దిగి వచ్చి, "అయ్యో, ఇవి మా ఇంట్లోనూ ఉన్నాయండీ, నా పెళ్ళికి పెట్టారు" అంది నవ్వుతూ. వాళ్ళూ నవ్వారు. పొమ్మన్నారు. ఆమెను ఆమె ఊరు ఎవరూ అడగలేదు. బస్సులో ఆమె నాతో చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు కూడా అర్థమైందనుకుంటాను.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఏర్పేడు దగ్గర మాధవమాల ఊరంతా కొయ్య శిల్పాలకు పేరు. తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప విద్యాలయంలో రాతి, లోహ శిల్పాలతో పాటు కొయ్య శిల్పం కూడా నేర్పుతారు. తిరుపతి వస్తువులు లేపాక్షి దుకాణాల్లో అమ్ముతారు. పట్టుబడిన దుంగలను ప్రభుత్వం 2014 నుంచి అంతర్జాతీయ టెండర్లు పెట్టి అమ్మింది. ముడి దుంగ పోతోంది. చెక్కి, రుద్ది, మెరుగు పెట్టే కూలి కూడా దానితో పాటే సముద్రం దాటుతోంది. మన శిల్పులకు సక్రమంగా చెక్క ఇచ్చి, మెరుగు పనిలో మన పిల్లలకు చోటిస్తే ఆ కూలి ఇక్కడే ఉండేది అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉండవచ్చు.

ఇంకొకటి. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తులంటే ఏవో రాసి ఉంది. వెదురు ఉంది, తేనె ఉంది, మైనం ఉంది, లక్క ఉంది. కలప లేదు. అంటే చందనం చెక్క మనది కాదు, ముట్టుకుంటే కేసు. దానికి పెట్టే మెరుగు మాత్రం చట్టప్రకారం మనం సేకరించుకుని అమ్ముకోవచ్చు. ఈ వాక్యం నేను మా కాలనీలో చదివి వినిపించినప్పుడు మా నాయన, "అయితే మీ తాత చేసింది తప్పు పని కాదా?" అని అడిగాడు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. తన తండ్రి మైనం మూట తీసుకుని చీకట్లో అడవి దిగేవాడని, గార్డు కంట పడకుండా వచ్చేవాడని ఆయనకు గుర్తు. తప్పు కాదు నాయనా అన్నాను. ఆయన ఇంకేం అనలేదు.

పోయిన ఏడాది మా బడిలో వేప చెక్క ముక్కలు, పాత కిటికీ నుంచి తీసిన ఒక ఇరుగుడు ముక్క పెట్టి పిల్లలతో పని చేయించాను. బర్రెంక ఆకు మా నాయన తెచ్చాడు. చెక్క పొట్టు ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోమన్నాను, గట్టి చెక్కల పొట్టు కొందరికి పడదు. ఇరుగుడు ముక్క సగానికి వార్నిషు, సగానికి మైనం. వారం తర్వాత వార్నిషు సగం వేలికి అంటుకుంటూనే ఉంది. పిల్లలకు అదొక ఆట అయింది, రోజూ ఒకడు వేలు పెట్టి చూసేవాడు.

రాణి బొమ్మకు కూడా ఆ రోజే మైనం పట్టించాం. నాయన చెప్తుంటే ఆరో తరగతి అమ్మాయి రుద్దింది. స్పిరిట్ తుడిచిన చోట, ఎడమ చెంప మీద, రాజు కన్నా కొంచెం పాలిపోయినట్టు కనబడుతుంది. ఎండకూ గాలికీ మెల్లగా ముదురుతుందని బొమ్మలు చెక్కేవాళ్ళు చెప్పారు. ఏటా దసరా సెలవుల్లో తీసి ఒకసారి రుద్దుతున్నాం.